క్లబ్ కార్యక్రమానికి జనం రావాలంటే

చిరంజీవికి,

ఫొటోగ్రఫీ క్లబ్ బాధ్యత నీకిచ్చారని తెలిసి సంతోషించాను. పోస్టర్లు వేశాం, అన్ని గ్రూపుల్లోనూ పెట్టాం, తీరా చూస్తే హాల్లో మా కమిటీ వాళ్లమే ఉన్నాం అని వాపోయావు. క్లబ్బుల ఇన్‌చార్జిగా ఏళ్ల తరబడి పనిచేసినదాన్ని కాబట్టి చెబుతున్నా, పోస్టర్ కబురు చెబుతుంది, అంతే. చేయి పట్టుకుని హాలు దాకా తీసుకురాదు.

కొత్తగా చేరిన పిల్ల సంగతే తీసుకో. ఫొటోలంటే ఇష్టం ఉంటుంది. కానీ "అక్కడ నాకెవరూ తెలీదు, ఒక్కదాన్నే వెళ్లి ఎక్కడ కూర్చోను" అని జంకుతుంది. పక్క బెంచీ అమ్మాయి "సాయంత్రం నేనూ వెళ్తున్నా, నువ్వూ రా" అంటే ఆ జంకు తీరిపోతుంది. అందుకే మీ కమిటీలో ఒక్కొక్కరూ ముగ్గురు నలుగురిని పేరు పెట్టి పిలవండి. ఎప్పుడూ వచ్చే మీ స్నేహితులను కాదు, వేరే డిపార్ట్‌మెంట్ల వాళ్లను. వాట్సాప్ గ్రూపులో 1,024 మంది దాకా చేరవచ్చు. అంతమందికి పెట్టిన మెసేజ్ చూసి, తనను పిలిచారని ఒక్కరూ అనుకోరు.

దీని తర్వాత నాకు బాగా నమ్మకమున్నది క్లాసులో చెప్పడం. ముందురోజే లెక్చరర్ దగ్గరికి వెళ్లి, పాఠం మొదలుకాకముందు ఒక్క నిమిషం ఇవ్వమని అడుగు. ఆ నిమిషం దాటకు, దాటితే రెండోసారి ఇవ్వరు. ఆ క్లాసులోనే చదివే సభ్యురాలెవరైనా ఉంటే ఆమె చేతే చెప్పించు. పోస్టర్‌లో ఉన్నదంతా అప్పజెప్పక్కర్లేదు. తను తీసిన ఒక్క ఫొటో ఫోన్లో చూపించి, "ఇది ఈ ఫోన్‌తోనే తీశాను, ఎలాగో శుక్రవారం చూపిస్తాం" అంటే చాలు. క్లాసయ్యాక ఐదు నిమిషాలు గుమ్మం దగ్గర నిలబడాలి. అడగాలనుకున్నవాళ్లు అప్పుడే వస్తారు.

పోస్టర్లు వద్దనడం లేదు. మీరు పంపింది చూశాను. క్లబ్ లోగో ఇంత పెద్దగా ఉంది, గది నంబరేమో కింద చీమ తలకాయంత! నడుస్తూ పోయేవాడు మూడు సెకన్లు చూస్తాడు. ఆ కాసేపట్లో ఏమిటి, ఎప్పుడు, ఎక్కడ అన్నవి కళ్లబడాలి. "ఫొటోగ్రఫీ వర్క్‌షాప్" అనే బదులు "రాత్రిపూట ఫోన్‌తో మంచి ఫొటోలు తీద్దాం, కెమెరా అక్కర్లేదు" అని రాయండి. ఏ4 కాగితం నోటీసు బోర్డు మీద మిగతావాటిలో కలిసిపోతుంది. అందుకు రెట్టింపుండే ఏ3 అయితే నయం. క్యూఆర్ కోడ్ పెడితే దాని చుట్టూ తెల్లటి ఖాళీ వదలాలి. ఎంత దూరం నుంచి స్కాన్ చేయాలో అందులో సుమారు పదో వంతు ఉండాలి కోడ్ వెడల్పు. మీటరు దూరానికి 10 సెంటీమీటర్లు అన్నమాట. గోడలకు అంటించే ముందు అనుమతి తీసుకోండి, అయిపోయిన మర్నాడే మీరే తీసేయండి.

తేదీ ఖాయం చేసేటప్పుడు పరీక్షల షెడ్యూల్, ల్యాబ్ రికార్డులిచ్చే గడువు చూడు. ఆ వారం ఎంత ప్రచారం చేసినా దండగే. ఇన్‌స్టాగ్రామ్ స్టోరీ 24 గంటల్లో పోతుంది కనుక వారం ముందు పెట్టి ఊరుకుంటే లాభం లేదు, ముందురోజు సాయంత్రం మళ్లీ పెట్టు. ఫారం నింపినవాళ్లంతా వస్తారని లెక్కేసుకోకు. వాళ్లకు గంట ముందు మెసేజ్ పంపు, హాలుకు దారి కూడా రాసి. పెద్ద ఆడిటోరియం దొరికిందని ఎగిరి గంతేయకు. సగం కుర్చీలు ఖాళీగా కనిపిస్తే వచ్చినవాళ్లకూ ఉత్సాహం ఉండదు. చిన్న గదే తీసుకో.

గుమ్మం దగ్గర కలుపుగోలు మనిషిని పెట్టు. పేరడిగి, లోపలికి తీసుకెళ్లి, ఎవరో ఒకరి పక్కన కూర్చోబెట్టాలి. "మీకెలా తెలిసింది?" అని అడిగి రాసుకోమను. పోస్టరా, క్లాసా, స్నేహితులా అన్నది తేలితే వచ్చేసారి దేనిమీద ఎక్కువ కష్టపడాలో మీకే తెలుస్తుంది. చెప్పిన వేళకే మొదలుపెట్టండి. ఆలస్యంగా వచ్చేవాళ్ల కోసం, టైముకొచ్చినవాళ్లను కూర్చోబెట్టడం నాకు నచ్చదు.

ఈసారి పోస్టర్ ప్రింటుకిచ్చే ముందు నాకోసారి పంపు. తేదీ, వారం సరిపోయాయో లేదో చూసి చెబుతాను.

ఆశీస్సులతో,
మీ మేడమ్