1986 వరదలో తాతను ఆపే కథ: చిక్కు ఎక్కడంటే

వరదలో పడవ ఎక్కి చనిపోయిన తాతను ఆపడానికి మనవడు కాలంలో వెనక్కి వెళ్లే కథ రాస్తూ, అది ఎక్కడ చిక్కుపడుతోందని అడిగారు. మీరు 1986 ఆగస్టును రెండుసార్లు జరిపిస్తున్నారు: ఒకసారి మనవడు లేకుండా, ఇంకోసారి మనవడితో. అందుకే గోదావరి వరదలో తాత పడవ ఎక్కకుండా ఆపితే, మనవడు వెనక్కి వెళ్లాల్సిన కారణమే పోతోంది.

1. ఆ రోజును ఒక్కసారే జరగనివ్వండి. లంక రేవులో మనవడు మొదటి నుంచీ ఉన్నాడు, తాతను ఆపాలని చూశాడు, ఆపలేకపోయాడు.

2. అందరూ దాటేసేది ఇక్కడే. "ఆపలేకపోతే మనవడికి స్వేచ్ఛ లేనట్టేగా" అని మీరన్నారు. కాదు. అతనికి పడవ తాడు పట్టుకునే బలముంది, అరిచే గొంతుంది, చేతులు ఎవరూ కట్టెయ్యలేదు. ఆపే శక్తి ఉన్నా ఆ రోజు ఆపడం జరగలేదు, అంతే. ఏం జరిగిందో ముందే ఖాయమై ఉండటం వేరు, బలవంతం వేరు. డేవిడ్ లూయిస్ అనే తత్వవేత్త 1976లో వాదించింది దాదాపు ఇదే. నిన్న మీరు ధవళేశ్వరం వెళ్లలేదనుకోండి. అది ఇక మారదు. అయినా వెళ్లకూడదని అనుకున్నది మీరే కదా!

3. ఆపలేకపోవడానికి మామూలు కారణం రాయండి. హోరులో కేక వినబడలేదు, లేదా తాత మొండివాడు (మన వైపు తాతల గురించి చెప్పక్కర్లేదు). ఆకాశం నుంచి దేవుడి గొంతు, మెరుపులు వద్దు.

తాత బతికి తీరాలంటే రెండో కాలరేఖ, అంటే మనవడు ఆపిన క్షణం నుంచి విడిపోయి వేరుగా సాగే ఇంకో లోకం, పెట్టుకోండి. పారడాక్స్ (ఆ కారణమే పోయే చిక్కు) పోతుంది గానీ, మనవడు బయల్దేరిన లోకంలో తాత తిరిగిరాడు.