ముందు గెయిన్ తగ్గించు అల్లుడూ

అల్లుడూ,

నువ్వు పంపిన రికార్డింగు మూడుసార్లు విన్నాను. మొదట ఫోన్ స్పీకర్లో విని, తప్పు ఫోనుదేమో అనుకున్నాను. హెడ్‌ఫోన్ పెట్టుకుని విన్నా అదే సంగతి. తేనెతుట్టె మీద రాయి వేసినట్టు జుయ్యిమనే మోత తప్ప, గిటారు ఎక్కడుందో తెలియలేదు. "గెయిన్ పదిలో పెట్టినా చిక్కగా రావడం లేదు మామా" అని రాశావు. పదిలో పెట్టావు కాబట్టే రావడం లేదు. గెయిన్ అంటే గిటారు సిగ్నల్‌ను ఆంప్ మొదట్లోనే ఎంత పెంచాలో చెప్పే నాబ్, మోత ఎంతో చెప్పేది కాదు.

టోను సంగతికి ముందు ఒక మాట. స్పీకరు తగిలించకుండా ఆ ఆంప్ (గిటారు సౌండు పెంచే ఆంప్లిఫయర్) ఎప్పుడూ ఆన్ చేయకు. ట్రాన్సిస్టర్ ఆంప్ అయితే చాలావరకు ఓర్చుకుంటుంది, నీలాంటి ట్యూబుది, అంటే పాత రేడియోల్లోలా గాజు వాల్వులతో నడిచేది, ఓర్చుకోదు. మోయడానికి స్పీకరు లేకపోతే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్లో వోల్టేజి ఎగదన్ని లోపలి చుట్లు కాలిపోతాయి. ఈ ఘనకార్యం నేనే చేశాను. ఇక్కడ గంగమ్మ జాతర రోజుల్లో ఒక ప్రోగ్రాంకి హడావిడిగా సర్దుకుంటున్నాం. స్పీకరు వైరు కుర్రాడు పెట్టాడని నేను, నేను పెట్టానని వాడు. సౌండు రావడం లేదని వాల్యూమ్ ఇంకా పెంచి మరీ గీకాను. వార్నిష్ కాలిన వాసన వచ్చాక గానీ బుర్ర వెలగలేదు. ఆ రాత్రంతా గిటారును నేరుగా మిక్సర్లో పెట్టి లాగించాను. డబ్బా గిలక్కొట్టినట్టు ఉండింది. ట్రాన్స్‌ఫార్మర్ చుట్టించడానికి మద్రాసు పంపాల్సి వచ్చింది.

స్పీకరు కేబినెట్ వెనక ఎన్ని ఓమ్‌లని రాసి ఉందో, ఆంప్ వెనక అన్నే ఓమ్‌ల జాక్‌లో పెట్టు. గిటారు వైరును స్పీకరు వైరుగా వాడొద్దు, అది సన్నం. సెకండ్‌హ్యాండుది కదా, వెనక 120 వోల్టులని ఉందేమో చూసుకో, ఉంటే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా మన 230లో పెడితే అంతే సంగతులు. ప్లగ్గులో మూడో పిన్ను, అదే ఎర్త్‌ది, విరగ్గొట్టకు. మూత అసలు తీయకు. ప్లగ్గు పీకేసినా లోపలి కెపాసిటర్లలో 400, 500 వోల్టులు చాలాసేపు నిలిచి ఉండొచ్చు.

ఇక నీ బాధకి వస్తాను. నీ ఆంప్‌లో వేలెడంత ట్యూబులు వరసగా ఉన్నాయి చూడు, అవి 12ఏఎక్స్7 రకం ప్రీఆంప్ ట్యూబులు, సిగ్నల్‌ను మొదట పెంచేవి. ఒక్కో గాజు గొట్టంలో రెండేసి ట్రయోడ్‌లు ఉంటాయి. ఒకటి పెంచిన సిగ్నల్‌ను ఇంకోటి అందుకుని మళ్ళీ పెంచుతుంది. ఒక హద్దు దాటాక ట్యూబు ఇంక పెంచలేక సిగ్నల్ అల నెత్తిని చదును చేస్తుంది. మనం డిస్టార్షన్ అనేది దాన్నే. అలా చదునైపోయిన దానికి ఇంకా గెయిన్ ఇస్తే పెరిగేది స్వరం కాదు, హమ్మూ బుసా. పైగా నువ్వు మెల్లగా మీటినా గట్టిగా మీటినా ఒకే మోత వస్తుంది. పులుసు చిక్కబడాలంటే మరగనివ్వాలి. పిండి కలిపినా చిక్కబడుతుంది, కానీ తినేది పిండి. నువ్వు చేస్తున్నది ఆ రెండోది.

గెయిన్ నాలుగుకి దించు. మాస్టర్, అంటే చివరి వాల్యూమ్, నీ ఇల్లు ఓర్చుకున్నంత పెంచు. ఇప్పుడు గిటారు మీద ఒక పవర్ కార్డ్ (రెండు స్వరాలు కలిపి మీటేది) పట్టుకో. రెండు స్వరాలూ విడివిడిగా వినపడుతున్నాయా? వినపడుతుంటే గెయిన్ కొంచెం కొంచెం పెంచుకుంటూ పో. అవి కలిసి ముద్దయిన చోటు నుంచి కాస్త వెనక్కి వచ్చి ఆగు. మొదట పలచగా ఉన్నట్టనిపిస్తుంది. వారం ఓపిక పట్టు, చెవి సర్దుకుంటుంది.

అసలు చిక్కు బేస్‌తో. లావు తీగ సిగ్నల్ పెద్దది. ట్యూబులో ఉన్న చోటంతా అదే ఆక్రమించి మిగతావాటిని నలిపేస్తుంది. అందుకే డిస్టార్షన్‌కి ముందు బేస్ తగ్గాలి, తర్వాత కావలసినంత కలుపుకోవచ్చు. బేస్ నాబ్ తిప్పితే పోలేదా అంటావు. పోదు. మార్షల్ బాణీ ఆంపుల్లో ఆ నాబ్‌లు డిస్టార్షన్ అయిపోయాక వస్తాయి. ముద్దయిపోయిన దాంట్లో బేస్ తగ్గిస్తే పలచటి ముద్ద వస్తుంది, అంతే. మెసా బూగీ మార్క్ రకం ఆంపుల్లో తిరగేసి ఉంటుంది, నాబ్‌లు ముందు, డిస్టార్షన్ తర్వాత. వాటిలో బేస్ ఒకటి రెండు దాటించరు.

నీది మార్షల్ బాణీదే. దానికి ముందు ట్యూబ్ స్క్రీమర్ లాంటి పచ్చ పెడల్ (కాలితో నొక్కే చిన్న డబ్బా) పెట్టి, డ్రైవ్ సున్నాకి, లెవెల్ చివరికంటా తిప్పు. డిస్టార్షన్ కోసం కాదు. ఆ పెడల్ బేస్‌ను కోసి, 720 హెర్ట్జ్ చుట్టుపక్కల మధ్యస్థాయిని ఎత్తి, ట్యూబును ముందునుంచి గట్టిగా తోస్తుంది. 1981లో వచ్చిన మార్షల్ జేసీఎం800 ఆంప్‌కి సొంత గెయిన్ ఇప్పటి వాటంత ఉండదు, దాన్ని ఇలా తోసే జనం హెవీ మెటల్ వాయించారు.

మిడ్ (మధ్యస్థాయి) నాబ్ ఎందుకు సున్నాలో పెట్టావురా? గదిలో ఒక్కడివే వాయిస్తే అది ఘనంగానే ఉంటుంది. డ్రమ్సూ బేస్ గిటారూ తోడైతే నీ గిటారు మాయం. గోవిందరాజస్వామి గుడి ఊరేగింపులో డోలు అంత మోగుతున్నా నాదస్వరం వీధి చివరికి ఎలా వినపడుతుందో గుర్తు తెచ్చుకో. దాని బలం మధ్యస్థాయిలోనే ఉంది. మిడ్ ఆరు ఏడు, బేస్ నాలుగు, ట్రెబుల్ ఐదుతో మొదలుపెట్టి నీ చెవికి తగ్గట్టు మార్చుకో.

కింద అద్దెకున్నవాళ్ళు గొడవ చేస్తున్నారని అక్క ఫోన్‌లో చెప్పింది. వంద వాట్లని యాభైకి మార్చే స్విచ్చు ఉంది కదా అనుకోకు, తగ్గేది 3 డెసిబెల్సే, వాళ్ళకి పెద్ద తేడా తెలియదు. స్పీకరును నడిపే లావు పవర్ ట్యూబులు కూడా వేడెక్కి నలిగితే వచ్చే బరువు వేరే, నిజమే. కానీ వంద వాట్లతో అది మేడ మీద గదిలో జరిగే పని కాదు. స్పీకరుకి ముందు పెట్టి మోత తగ్గించే అటెన్యుయేటర్ కొనుక్కో, లేదా నీ రుచిని ప్రీఆంప్ ట్యూబులతోనే తెచ్చుకో. మామూలు గొంతు పైకి వినపడని మోతలో వాయిస్తే చెవికి దూది కాదు, ఇయర్‌ప్లగ్గులు పెట్టుకో. నా ఎడమ చెవిలో ఇప్పటికీ కీచురాయి కూస్తూ ఉంటుంది.

హమ్ము గురించి ఎక్కువ రాయను. ట్యూబులైటుకీ, ఫ్యాన్ రెగ్యులేటర్‌కీ దూరంగా కూర్చో. కరెంటు పోయి ఇన్వర్టర్ మీదికి వస్తే ఆంప్ ఆపేయి, ప్యూర్ సైన్ వేవ్‌ది కాకపోతే హమ్ముతో పాటు ట్రాన్స్‌ఫార్మర్‌కీ మంచిది కాదు. మూత తీయకుండా అందితేనే చిన్న ట్యూబుల్ని ఒక్కోదాన్నే పెన్సిలుతో మెల్లగా తట్టు, గంటలా మోగింది మార్పించు. చిన్నవాటికి బయాస్, అంటే ట్యూబులో పారే కరెంటును సర్దడం, అక్కర్లేదు. లావు పవర్ ట్యూబులు మారిస్తే మాత్రం తెలిసినవాడితో బయాస్ పెట్టించాలి.

ఇంకోటి, రికార్డింగులో మూడో వంతు మోత నువ్వు మీటని తీగలది. ఎడమ చేతి వేళ్ళతో వాటిని ఆనించి పట్టు. హై గెయిన్‌లో మీటడం ఎంత పనో మిగతా తీగలు మోగకుండా ఆపడం అంత పని. తీగలు కూడా తుప్పు పట్టినట్టున్నాయి, మార్చు.

ఆదివారం చిత్తూరులో పొద్దున బస్సెక్కి వచ్చేయి. ఆంప్ మోసుకురాకు, ఆ కుదుపులకు ట్యూబులు ఊడతాయి, నా దాంట్లో వాయించుకుందాం. గిటారు ఒక్కటే తెచ్చుకో. నా పచ్చ పెడల్ ఇస్తాను, వాడి చూసి వెనక్కి ఇద్దువు. బ్యాటరీ అయిపోయింది, 9 వోల్టులది ఒకటి దారిలో కొనుక్కురా.

మీ మామ
తిరుపతి