పాదం పైభాగం ‘డోర్సల్’ ఎలా అయింది?

అనాటమీలో వీపు వైపును డోర్సల్ అంటున్నప్పుడు, ముందుకు కనిపించే మీగాలు కూడా డోర్సల్ ఎలా అవుతుందని అడిగారు కదా. మీ అనుమానం సరైనదే, ఫస్టియర్‌లో నన్నూ ఇదే తికమక పెట్టింది.

లాటిన్‌లో డోర్సమ్ అంటే వీపు, వెంటర్ అంటే పొట్ట. డోర్సల్ (వీపు వైపు), వెంట్రల్ (పొట్ట వైపు) అనే మాటలు వాటి నుంచే వచ్చాయి. ఆవును ఊహించుకోండి: వెన్ను పైకి, పొట్ట నేలవైపు. మనం నిలబడ్డాం కాబట్టి మన డోర్సల్ వెనక్కి వెళ్లింది.

కాలి కథ వేరు. పిండదశలో కాళ్లు లోపలివైపు తిరుగుతాయి. దాంతో వెనకవైపు ఉండాల్సిన డోర్సల్ భాగం ముందుకొస్తుంది. అందుకే మోకాలు ముందుకు, మోచేయి వెనక్కి ఉంటాయి. మీగాలి మీద వేలు పెట్టి చూడండి, అక్కడ కొట్టుకునే నాడి పేరు కూడా డోర్సాలిస్ పీడిస్. పీడిస్ అంటే పాదానిది. అరికాలి వైపును మాత్రం వెంట్రల్ అనరు, ప్లాంటార్ అని రాయండి.