బెరా రిపోర్టులో ‘నార్మల్’ అంటే ఏ శబ్దానికి?

ప్రశ్న: మా పాపకు రెండున్నరేళ్లు. కాలేయంలో గడ్డకు సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు ఎక్కిస్తున్నారు. మధ్యలో బెరా అనే వినికిడి పరీక్ష చేయిస్తే రెండు చెవులూ నార్మల్ అని రిపోర్టు వచ్చింది. ఆ మందు కీచు శబ్దాల వినికిడిని ముందు దెబ్బతీస్తుందని విన్నాము. నిద్రపోతున్న పిల్లకు ఏ శబ్దం వినిపిస్తోందో తల మీద అతికించిన వైర్లు ఎలా చెబుతాయి? ఈ నార్మల్‌ను నమ్మవచ్చా, డాక్టరు గారూ?
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: నమ్మవచ్చు. అయితే పరీక్షలో ఏ శబ్దం వినిపించారో ముందు తెలుసుకోవాలి.

శబ్దం చెవిలో పడగానే శ్రవణ నాడి, దాని తరువాత మెదడు కాండంలోని కేంద్రాలు ఒకదాని వెంట ఒకటి స్పందిస్తాయి. ఇదంతా పది మిల్లీసెకన్లలోపే ముగుస్తుంది. నుదుటి మీద, చెవుల వెనుక అతికించిన ఎలక్ట్రోడ్లకు అందే ఆ సంకేతం ఒక మైక్రోవోల్టు కూడా ఉండదు. మెదడులో ఎప్పుడూ సాగే విద్యుత్ సంచలనం దానికన్నా ఎన్నో రెట్లు పెద్దది. అందుకే అదే శబ్దాన్ని వేయి, రెండు వేల సార్లు వినిపించి సగటు తీస్తారు. శబ్దంతో సంబంధం లేని సంచలనం సగటులో సమసిపోయి, స్పందన మాత్రం అలలుగా మిగులుతుంది. 1971లో జ్యూవెట్, విల్లిస్టన్ అనే పరిశోధకులు ఈ అలలను వివరంగా వర్ణించి, వాటికి వరుస సంఖ్యలు ఇచ్చారు. వాటిలో అయిదవ అల ముఖ్యమైనది. శబ్దాన్ని తగ్గిస్తున్నకొద్దీ అది ఆలస్యమవుతూ, చిన్నదవుతూ పోతుంది. అది కనిపించిన కనిష్ఠ స్థాయిని బట్టి వినికిడిని అంచనా వేస్తారు. యంత్రం నమోదు చేయడమే తప్ప తలలోకి కరెంటు పంపదు. నిద్ర వల్ల ఈ అలలు మారవు కనుకనే చిన్నపిల్లలకు ఈ పరీక్ష అనువైనది.

ఇక అసలు విషయం. చాలాచోట్ల బెరాకు వాడేది ‘క్లిక్’ అనే అతి స్వల్పమైన టక్కుమనే శబ్దం. అందులో అనేక పౌనఃపున్యాలు (సెకనుకు కంపనాల సంఖ్య; హెర్ట్జ్‌లలో కొలుస్తారు, ఎక్కువైతే స్వరం కీచుగా ఉంటుంది) కలిసి ఉంటాయి, వచ్చే స్పందన ప్రధానంగా 2000–4000 హెర్ట్జ్ ప్రాంతానిది. లోపలి చెవిలో నత్తగుల్లలా చుట్టుకున్న కర్ణావర్తంలో స్వరాలు హార్మోనియం మెట్ల వలె వరుసగా అమరి ఉంటాయి; మొదట్లో కీచు స్వరాలు, కొసన బొంగురు స్వరాలు. సిస్‌ప్లాటిన్ ఆ మొదటి భాగంలో శబ్దాన్ని గ్రహించే రోమకణాలను దెబ్బతీయడంతో ఆరంభించి లోపలికి సాగుతుంది. కాబట్టి 6000, 8000 హెర్ట్జ్ దగ్గర వినికిడి తగ్గినా క్లిక్ బెరా నార్మల్‌గానే రావచ్చు. ‘స’ వంటి ధ్వనుల బలం ఎక్కువగా 4000 హెర్ట్జ్ పైన ఉంటుంది కనుక, మాటలు నేర్చే వయసులో ఈ లోటును చిన్నదిగా చూడకూడదు.

దీనికి ‘టోన్ బర్స్ట్’ బెరా అడగండి. అందులో ఒక్కొక్క పౌనఃపున్యాన్ని విడిగా పరీక్షిస్తారు. సాధారణంగా 500 నుంచి 4000 హెర్ట్జ్ వరకు చేస్తారు. ఆపైన చేయాలంటే అంతటి స్వరాన్ని పలికించగల ఇయర్‌ఫోన్లు, అందుకు సరిచూసి పెట్టిన యంత్రం కావాలి. నిజానికి కీచు స్వరాలకు నాడీతంతువులు ఒకేసారి స్పందిస్తాయి కనుక అలలు స్పష్టంగానే వస్తాయి. పాప మధ్యలో లేచే అవకాశం ఉంది కాబట్టి, రెండు చెవులకూ 4000తోనే మొదలుపెట్టమని ఆడియాలజిస్టును కోరండి.

బెరా అంచనా సాధారణంగా అసలు వినికిడికి 10–20 డెసిబెల్స్ అటూ ఇటూగా ఉంటుంది. అందువల్ల ఒక్క రిపోర్టు కన్నా, కీమోకు ముందు చేసిన పరీక్షతో పోల్చడం మేలు. అది లేకపోతే ఇప్పటి రిపోర్టునే ఆధారంగా పెట్టుకుని తరువాతి విడతలకు ముందు మళ్లీ చేయించండి. దానితోపాటు, శబ్దానికి బదులుగా లోపలి చెవి వెలువరించే సన్నని ధ్వనిని నమోదు చేసే ఓ.ఏ.ఈ. పరీక్ష రోమకణాల నష్టాన్ని త్వరగా పసిగడుతుంది, కానీ జలుబుతో మధ్య చెవిలో నీరు చేరితే తప్పుదోవ పట్టిస్తుంది. మూడేళ్లు వచ్చాక శబ్దం వినగానే బొమ్మను డబ్బాలో వేయించే ఆటల ఆడియోమెట్రీ కూడా సాధ్యమవుతుంది. అవకాశం ఉన్నప్పుడు నేను దానికే ఎక్కువ విలువ ఇస్తాను. నాడి స్పందించడమే కాక, పిల్ల నిజంగా వింటోందని తెలిసేది అందులోనే.

ఫలితం ఎలా వచ్చినా మందు మానడం, మోతాదు తగ్గించడం క్యాన్సర్ వైద్యులే నిర్ణయించాలి. నిద్రమందు సిరప్ ఇవ్వాల్సి వచ్చినా వారికి ముందుగా చెప్పండి. చికిత్స ముగిసిన కొన్ని నెలలకు, సంవత్సరాలకు కూడా వినికిడి తగ్గవచ్చు కనుక, ఆ తరువాత కూడా పరీక్షలు కొనసాగించండి.