ఎవరి సాయంత్రంలోగా?

ప్రశ్న: నేనొక సాఫ్ట్‌వేర్ సంస్థలో టీమ్ లీడ్‌ని. నా దగ్గర నలుగురు, వేరే దేశంలో తొమ్మిది మంది పనిచేస్తున్నారు. మధ్యలో తొమ్మిదిన్నర గంటల తేడా. చాట్, వీడియో కాల్, టికెట్ల బోర్డు (ఒక్కో పనికీ ఒక్కో టికెట్, అంటే చీటీ), పని గంటలు లెక్కపెట్టే టూల్ అన్నీ కొన్నాం. రోజూ రాత్రి గంటన్నర కాల్. అయినా రెండు రోజుల పనికి వారం పడుతోంది, తీరా వచ్చింది చూస్తే మేం అడిగినది కాదు. ‘అర్థమైందా?’ అంటే అందరూ ‘అర్థమైంది’ అనే అంటారు. ఏ టూల్ మార్చమంటారు?
– ఓ పాఠకురాలు

జవాబు: ఇప్పుడే ఏదీ మార్చకండి. ముందు ఒక లెక్క తీయండి. గత నెలలో ఆలస్యమైన ఐదు టికెట్లు తెరిచి, ఒక్కొక్కదాని మీద పని జరిగిన గంటలెన్ని, జవాబు కోసం ఆగిన గంటలెన్ని అని కాగితం మీద రాయండి.

దూరపు బృందంతో పని మొదలుపెట్టిన మూడో ఏట గానీ నేనీ లెక్క వేయలేదు. మూడు గంటల పని ఒకటి ఐదో రోజుకు పూర్తయింది. చేసిన కుర్రాడు బద్ధకస్తుడు కాదు. ‘తేదీ గడి ఖాళీగా ఉంటే ఏం చేయాలి?’ అని నేను నిద్రపోయాక అడిగాడు. పొద్దున చూసి నేను జవాబిచ్చేసరికి అతను ఇంటికి వెళ్ళిపోయాడు. మర్నాడు అది చదివి ఇంకో ప్రశ్న. నాలుగు ప్రశ్నలు, నాలుగు రాత్రులు. ఎదురుగా కూర్చుంటే పది నిమిషాల్లో తేలిపోయే మాటలవి.

అందుకే ఆ ప్రశ్నల్ని ముందే ఊహించి రాయడం మీ పనిలో పెద్ద భాగం. ఈ పని ఎవరికి, ఎందుకు కావాలో రెండు వాక్యాలు రాయండి. ఏం కనిపిస్తే పూర్తయినట్టో చెప్పండి. ఇది లోపలికి వెళ్తే ఇది బయటికి రావాలి అని నిజమైన ఉదాహరణ ఒకటి ఇవ్వండి. వీటన్నిటికంటే నేను పట్టుబట్టేది చివరి వాక్యం గురించి: ‘సందేహం వచ్చి నేను దొరక్కపోతే ఇలా అనుకుని సాగండి, ఏమనుకున్నారో ఇక్కడే రాయండి.’ ఆ వాక్యం లేకపోతే ఎంత మంచి ఇంజనీరైనా ఆగిపోతాడు. తప్పు జరిగితే ఎవరి మీద పడుతుందో అతనికి తెలుసు. డేటా చెరిపే పని, డబ్బు లెక్కలు, కస్టమర్లకు వెళ్ళే మెయిళ్ళు – వీటి దగ్గర మాత్రం ఆగి అడగమనండి.

‘అర్థమైందా?’ అన్న ప్రశ్న మానేయండి. పదిమంది వింటున్న కాల్‌లో, పరాయి భాషలో, ‘అర్థం కాలేదు’ అనడం ఎవరికైనా కష్టమే. ఒకసారి నేను ‘పాత రికార్డులు తీసేయండి’ అని రాశాను. తెర మీద కనిపించకూడదని నా ఉద్దేశం. వాళ్ళు డేటాబేస్ నుంచే చెరిపేశారు. బ్యాకప్ నుంచి వెనక్కి తేవడానికి రెండు రాత్రులు పట్టింది. అంతకంటే పెద్ద నష్టం, ఆ చెరిపిన అబ్బాయిని నేను అందరి ముందూ కాల్‌లో నిలదీయడం. ఆ తర్వాత అతను నన్ను ఏ సందేహమూ అడగలేదు. వాక్యం నాది, తప్పూ నాదే. అది నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. అప్పటి నుంచి పని మొదలుపెట్టే ముందు, ఏం చేయబోతున్నారో నాలుగు వాక్యాల్లో టికెట్‌లో రాయమంటున్నాను. తేడా ఉంటే అక్కడే బయటపడుతుంది.

గడియారం సంగతి. ‘సాయంత్రంలోగా’ అంటే ఎవరి సాయంత్రం? గడువులన్నీ యూటీసీలో, అంటే ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయంలో రాయండి. 03/04 అంటే అమెరికాలో మార్చి 4, చాలా దేశాల్లో ఏప్రిల్ 3. ఐఎస్ఓ 8601 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం ఏడాది, నెల, రోజు వరసలో రాస్తే ఆ గొడవ ఉండదు. వేసవి వేళల కోసం అమెరికాలో మార్చి రెండో ఆదివారం గడియారం గంట ముందుకు జరుపుతారు, యూరప్‌లో ఆ నెల చివరి ఆదివారం. ఆ మధ్య రెండు మూడు వారాలు కాల్ వేళలు తారుమారవుతాయి. అసలు గడియారం మార్చని దేశాలూ ఉన్నాయి. క్యాలెండర్‌లో ముందే గుర్తు పెట్టుకోండి.

టూల్స్ ఎన్ని ఉన్నాయన్నది నాకు పెద్ద విషయం కాదు, అందరూ ఒకటే వాడుతున్నారా అన్నదే చూస్తాను. ఎయిర్‌బస్ ఏ380 విమానం సంగతి చూడండి. జర్మనీలోని హాంబర్గ్ డిజైనర్లు క్యాటియా అనే డిజైన్ సాఫ్ట్‌వేర్ పాత వెర్షన్‌లో, ఫ్రాన్స్‌లోని టూలూజ్ వాళ్ళు కొత్త వెర్షన్‌లో గీశారు. వైర్ల కట్టలు టూలూజ్ చేరాక విమానంలో సరిగ్గా అమరలేదు. 2006లో ఆలస్యాల మీద ఆలస్యాలు ప్రకటించి, చివరికి మొదటి విమానాన్ని 2007 అక్టోబరులో అప్పగించారు. మీ దగ్గరా చాట్‌లో తేలిన నిర్ణయం టికెట్‌లోకి ఎక్కకపోతే అదే జరుగుతుంది. ‘చాట్‌లో మాట్లాడుకోండి, టికెట్‌లో ఉన్నదే చెల్లుతుంది’ అని నియమం పెట్టండి.

పని గంటలు లెక్కపెట్టే టూల్ మాత్రం తీసేయండి. మౌస్ కదిలిందో లేదో తెలుసుకుని మీరు చేసేదేం లేదు. మమ్మల్ని నమ్మడం లేదన్న మాట మాత్రం వాళ్ళకు రోజూ అందుతుంది.

రాత్రి కాల్‌ను వారానికి రెండుసార్లు అరగంటకు కుదించండి. స్థితిగతులు రాతలో చదువుకోవచ్చు. ముఖాముఖి మాట్లాడితే తప్ప తేలనివే కాల్‌లో పెట్టండి. వేళ కూడా మార్చుతూ ఉండండి – ఒక నెల మీరు మేల్కొంటే, ఒక నెల వాళ్ళు.

ప్రశ్న: దూరపు బృందంతో చేస్తున్న ప్రాజెక్టు వెనకబడింది. ఇంకో నలుగుర్ని చేర్చుకోమని పైవాళ్ళు అంటున్నారు. చేర్చమంటారా?
– మరో పాఠకుడు

జవాబు: ఇప్పుడొద్దు. ఉదాహరణకు పదమూడు మంది ఉంటే ఇద్దరిద్దరి మధ్య మాటల దారులు 78. పదిహేడు మందికి అవి 136. కొత్తవాళ్ళకు నేర్పాల్సింది ఇప్పటికే తీరిక లేని మీ పాతవాళ్ళే. పైవాళ్ళ దగ్గరికి వెళ్ళేటప్పుడు పైన చెప్పిన లెక్క పట్టుకెళ్ళండి. ఎక్కువ గంటలు జవాబు కోసం ఆగినవే అని తేలితే, అవతల ఒకరికి ‘మీరే నిర్ణయించండి’ అని రాతపూర్వకంగా అధికారం ఇప్పించమని అడగండి.