సూపర్‌వైజ్డ్, అన్‌సూపర్‌వైజ్డ్ తేడా నాకు మిరపకాయల దగ్గర తెలిసింది

మీరు అడిగినవి రెండు: మెషిన్ లెర్నింగ్‌లో, అంటే కంప్యూటర్‌కి డేటా నుంచి నేర్పే పనిలో, సూపర్‌వైజ్డ్, అన్‌సూపర్‌వైజ్డ్ లెర్నింగ్‌కి తేడా ఏమిటి, మీ మావయ్యగారి కిరాణా కొట్టు బిల్లులతో ప్రాజెక్టు చేయాలంటే వాటిలో ఏది వాడాలి. ‘లేబుల్ ఉంటే సూపర్‌వైజ్డ్, లేకపోతే అన్‌సూపర్‌వైజ్డ్’ అన్న మాట మీరు ఈపాటికి చదివే ఉంటారు. (లేబుల్ అంటే ప్రతి ఉదాహరణకూ ముందే రాసిపెట్టిన సరైన జవాబు.) తప్పేం కాదు. నేనూ ఇంటర్వ్యూలో అదే చెప్పి ఉద్యోగం తెచ్చుకున్నాను. కానీ ఆ మాటకు అర్థం నాకు గుంటూరు మిర్చి దగ్గరే బోధపడింది.

కొన్నేళ్ల కిందట మా చిన్న టీమ్‌కి ఒక పని వచ్చింది. కాయ ఫొటో చూపిస్తే అది తేజానా, 334 రకమా, తాలా అన్నది ప్రోగ్రామ్ చెప్పాలి. (తాలు అంటే రంగు పోయి తెల్లబడ్డ కాయ, ధర బాగా తక్కువ.) రెండు వేల దాకా ఫొటోలు తీశాం. లేబుళ్ల కోసం ఏళ్ల తరబడి కాయ చూస్తున్న ఒక పెద్దాయనను కూర్చోబెట్టాం. ఆయన పేరు చెబుతుంటే నేను ఎక్సెల్‌లో కొట్టేవాణ్ని. మూడు రోజులు పట్టింది, టీలు కాక. తర్వాత ఎందుకో అనుమానం వచ్చి అందులో కొన్ని ఫొటోలు ఇంకొకాయనకు చూపించాను. తేజా, 334 దగ్గర పేచీ లేదు. తాలు దగ్గర మాత్రం చాలాచోట్ల ఇద్దరికీ పడలేదు. సగం తెల్లబడితేనే తాలు అని ఒకరు, చిన్న మచ్చ పడినా తాలే అని మరొకరు. అప్పుడు అర్థమైంది, మన మోడల్, అంటే ఆ ఫొటోలతో నేర్చుకునే ప్రోగ్రామ్, ఆ మొదటి పెద్దాయన కంటినే నేర్చుకుంటుందని, ఆయన పొరపాట్లతో సహా.

సూపర్‌వైజ్డ్‌లో ఉన్న సుఖం ఏమిటంటే మార్కులు వేయొచ్చు. కొన్ని ఫొటోలు మోడల్‌కి చూపించకుండా దాచిపెట్టి, చివర్లో వాటితో పరీక్ష పెడతాం. ఇక్కడా ఒక బోల్తా ఉంది, నేను పడ్డాను. వంద కాయల్లో తాలు ఐదే ఉంటే, కళ్లు మూసుకుని అన్నింటినీ ‘మంచి కాయ’ అనే మోడల్‌కి కూడా 95 శాతం అక్యురసీ (సరైన జవాబుల వాటా) వస్తుంది. కాబట్టి మొత్తం మార్కుతో పాటు, ఉన్న తాలులో ఎన్నింటిని పట్టుకుంది అన్నది విడిగా చూడాలి. ఇంకో ఇబ్బంది, నేర్పని రకం వస్తే దానికి తెలియదు. బాడిగ అనే ఇంకో రకం మిరపకాయ పెట్టాం. ముడతలు పడిన ఆ కాయను చూసి ‘తేజా’ అంది, అదీ గట్టి నమ్మకంతో. తెలిసిన మూడు పేర్లలోంచే ఏదో ఒకటి చెప్పాలి కదా మరి.

లేబుళ్ల టెన్షన్ ఎందుకు, కాయలను అవే కుప్పలుగా విడిపోనిద్దాం అని కె-మీన్స్ అనే అన్‌సూపర్‌వైజ్డ్ పద్ధతి వాడి చూశాం. అదేం చేస్తుందంటే, మనం మూడు కుప్పలు కావాలంటే ముందు మూడు కేంద్రాలు ఎక్కడో ఒకచోట పెడుతుంది. ప్రతి ఫొటోనూ దానికి దగ్గరున్న కేంద్రానికి ఇస్తుంది. తర్వాత ఒక్కో కుప్ప సగటు దగ్గరకు కేంద్రాన్ని జరుపుతుంది. కుప్పలు మారడం ఆగేదాకా ఇదే పని. మూడు కుప్పలూ చక్కగా విడిపోయాయి. సంబరపడి తెరిచి చూస్తే ఒకటి పొద్దున ఎండలో తీసిన ఫొటోలు, ఒకటి మధ్యాహ్నం నీడలోవి, ఒకటి రాత్రి ట్యూబ్‌లైటు కిందవి! దాని తప్పేమీ లేదు. తేడా ఎక్కడ ఎక్కువుంటే అక్కడ విడదీసింది. మనకు ఏ తేడా కావాలో దానికి ఎవరూ చెప్పలేదు.

ప్రతి ఫొటోలో ఒక తెల్లకాగితం పెట్టి, దాన్నిబట్టి రంగులు సరిచేసి మళ్లీ నడిపాం. ఈసారి ఒక కుప్ప మమ్మల్ని ఆశ్చర్యపరిచింది: తొడిమ తీసిన కాయలన్నీ ఒకచోట చేరాయి. ఆ సంగతి లేబుళ్లలో లేదు, మాకు తట్టనూ లేదు. అన్‌సూపర్‌వైజ్డ్ మీద నాకు గౌరవం కలిగింది అక్కడే. అయితే ఆ కుప్పకు ‘తొడిమ తీసినవి’ అని పేరు పెట్టింది మనిషే. అసలు మూడు కుప్పలా, ఐదా అన్నదీ మనమే తేల్చుకోవాలి. సిల్హౌట్ స్కోర్ లాంటి కొలతలు ఉన్నాయి గానీ, అవి కుప్పలు ఎంత బిగువుగా, ఎంత ఎడంగా ఉన్నాయో చెబుతాయి. అవి మనకు పనికొచ్చేవేనా అన్నది చెప్పవు.

ఇది మీరే చూడాలంటే ఐరిస్ అనే పూల కొలతల డేటా తీసుకోండి. 1936లో గణాంక శాస్త్రవేత్త రోనాల్డ్ ఫిషర్ తన పేపర్‌లో వాడినది. 150 పూలు, మూడు జాతులు, నాలుగు కొలతలు. జాతి కాలమ్ దాచేసి మూడు కుప్పలు అడగండి. సెటోసా విడిగా వచ్చేస్తుంది, వర్సికలర్, వర్జినికా మాత్రం కొంత కలిసిపోతాయి. అదే కాలమ్ చూపించి నేర్పితే ఆ రెండింటి మధ్యా తప్పులు చాలా తగ్గుతాయి.

ఇక మీ కొట్టు సంగతి. కొత్త బిల్లు వచ్చినప్పుడు మీరు నింపాలనుకునే ఖాళీ గడి ఏదైనా ఉందా? ఉదాహరణకు ‘ఈ ఖాతాదారు వచ్చే నెల వస్తాడా’. అయితే సూపర్‌వైజ్డ్. దానికి ఎవరినీ కూర్చోబెట్టి లేబుళ్లు రాయించక్కర్లేదు, పాత బిల్లుల్లోనే జవాబు ఉంది: మార్చిలో వచ్చినవాళ్లలో ఏప్రిల్‌లో ఎవరు వచ్చారో చూస్తే చాలు. అలాంటి గడేమీ లేదు, అసలు మావయ్యగారి దగ్గరకు ఎలాంటి వాళ్లు వస్తున్నారో తెలిస్తే చాలు అనుకుంటే క్లస్టరింగ్ (కె-మీన్స్ లాగా కుప్పలుగా విడదీయడం) చేయండి. చేసేముందు బిల్లు నంబరు కాలమ్ తీసేయండి, మిగతావాటిని ఒకే స్కేలుకు తెండి. లేకపోతే అంకెలు పెద్దవి కాబట్టి కె-మీన్స్ ఆ నంబర్లనే పట్టుకుని, పాత బిల్లులు ఒక కుప్ప, కొత్త బిల్లులు ఒక కుప్ప చేసి మీ చేతిలో పెడుతుంది.