పాఠకుల ప్రశ్నలు: కొరియా డాక్యుమెంటరీలు దేంతో మొదలుపెట్టాలి?

ప్రశ్న: రెండేళ్ళుగా కొరియన్ సీరియళ్ళు తెగ చూస్తున్నానండి, అన్నీ అద్దాల మేడలూ అందగాళ్ళే. అక్కడి మామూలు జనం బతుకు చూపించే డాక్యుమెంటరీలు ఉంటే చెప్పండి, మరీ పొడుగైతే మాత్రం నిద్రొచ్చేస్తుంది.

జవాబు: చాలా ఉన్నాయండి. మీకోసం అరగంట లోపు అయిపోయేవి రెండు చెప్తాను.

ఒకటి 1988 నాటి సాంగ్యే-దోంగ్ ఒలింపిక్స్, 27 నిమిషాలు. సియోల్‌లో ఒలింపిక్స్ పెడుతున్నారు, ఊరు అందంగా కనపడాలని పేదల బస్తీలు కూల్చేశారు, అందులో సాంగ్యే-దోంగ్ ఒకటి. డైరెక్టర్ కిమ్ దోంగ్-వొన్ ఏదో ఒక్కరోజు షూట్ చేసొద్దామని వెళ్ళి మూడేళ్ళు వాళ్ళతోనే ఉండిపోయాడు. ఇళ్ళు పోయినవాళ్ళు సియోల్ పక్క ఊరు బుచ్చోన్ వెళ్ళి హైవే పక్కన గుడిసెలు వేసుకుంటే, ఆ దారిలో ఒలింపిక్ జ్యోతి వస్తుంది కంటికి కనపడకూడదని అవీ పీకేశారు, ఇక చేసేది లేక నేలలో గుంతలు తవ్వుకుని ఉన్నారండి మనుషులు. నాకైతే ఒలింపిక్ జ్యోతి అంటే ఇప్పటికీ ఆ గుంతలే గుర్తొస్తాయి.

పోనీ అది పాత కాలం అనుకుందామా అంటే, 2009 జనవరిలో సియోల్‌లోనే యోంగ్‌సాన్‌లో ఖాళీ చేయమంటే బిల్డింగ్ పైకెక్కి కూర్చున్నవాళ్ళ మీదకి పోలీసులు వెళ్ళారు, మంటల్లో ఐదుగురు నిరసనకారులూ ఒక పోలీసూ చనిపోయారు. దాని మీద టూ డోర్స్ అని 2012లో వచ్చింది, అది పెద్ద సినిమా, తర్వాత చూద్దురు.

రెండోది ఇన్ ది ఆబ్సెన్స్, 29 నిమిషాలు, యి సుంగ్-జున్ అనే డైరెక్టర్ తీశాడు. 2014 ఏప్రిల్ 16న సెవోల్ ఓడ మునిగి 304 మంది పోయారు, అందులో 250 మంది ఒకే స్కూల్ పిల్లలు. వ్యాఖ్యానం చెప్పే గొంతే ఉండదు, ఆరోజు ఫోన్లలో రికార్డయిన మాటలు వినిపిస్తాయి. ఓడ ఒరిగిపోతుంటే మైకులో "కదలకండి, ఉన్నచోటే ఉండండి" అంటున్నారు, పిల్లలు చెప్పినట్టే విన్నారు, కెప్టెనేమో బయటికొచ్చేశాడు, అధ్యక్ష భవనం వాళ్ళు ఫోన్ చేసి వీడియో పంపండి వీడియో పంపండి అనడమే. చెప్పిన మాట విన్నందుకు ప్రాణం పోవడం ఎంత అన్యాయమండీ. 2020లో ఇది ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్ళింది, పారసైట్‌కి అవార్డులొచ్చిన వేడుకే అది, ఆ పిల్లల తల్లులు ఇద్దరు డైరెక్టర్‌తో పాటు అక్కడికి వెళ్ళారు.

మీరు మాత్రం సాంగ్యే-దోంగే ముందు చూడండి. సెవోల్‌ది ముందు చూస్తే ఆ రోజుకి ఇంకేమీ చూడలేరు.